పల్లి బటరా, బాదం బటరా, నువ్వుల ముద్దా: ఇష్టంగా తినగలిగేది ఎంచుకోవడం ఎలా

హనుమకొండలో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా ఇప్పుడు నట్ బటర్లకు, అంటే గింజలను మెత్తగా రుబ్బి చేసిన ముద్దలకు, ఒక అర మొత్తం కేటాయిస్తున్నారు. పల్లి బటర్‌లోనే క్రీమీ, క్రంచీ, బెల్లం వేసింది, చక్కెర లేనిది, చాక్లెట్ కలిపింది, 'హై ప్రోటీన్' అని రాసింది. పక్కనే బాదం, కాజు, మిక్స్‌డ్ నట్స్. చాలామంది డబ్బా ముందు రాసిన పెద్ద అక్షరాలు చూసి ఒకటి తెచ్చుకుంటారు. నాలుగు రోజులు తింటారు. తర్వాత ఆ డబ్బా ఫ్రిజ్ మూలకు చేరుతుంది.

సగం తిని వదిలేసిన డబ్బా ఎంత ఆరోగ్యకరమైనదైనా ఒంటికి ఒరిగేదేమీ లేదు. అందుకే ఈ విషయంలో రుచిని ఆఖర్లో చూసే సంగతిగా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. పదార్థాలు శుభ్రంగా ఉన్న రకాలు ఏవో ముందు తేల్చుకోవాలి. వాటిలో మీ నాలుకకు, మీ ఇంటి తిండికి నప్పేదాన్ని ఎంచుకోవాలి. పోషకాల పరంగా పల్లి, బాదం, నువ్వుల మధ్య ఉన్న తేడా మనం అనుకునేంత పెద్దది కాదు. ఒకే పల్లి బటర్ పేరుతో అమ్మే రెండు డబ్బాల మధ్య తేడా మాత్రం చాలా పెద్దది కావచ్చు.

ముందు డబ్బా వెనక్కి తిప్పండి

మన దేశంలో లేబుల్ మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. మంచి పల్లి బటర్‌లో ఆ జాబితా ఒకే మాటతో ముగుస్తుంది: వేయించిన పల్లీలు. మహా అయితే ఉప్పు. చాలా డబ్బాల మీద పల్లీల శాతం కూడా ఉంటుంది. అది 82 అని ఉంటే, వంద గ్రాముల్లో మిగతా 18 గ్రాములు చక్కెర, వేరే నూనె, ఉప్పు లాంటివన్నమాట. అమెరికాలో 'పీనట్ బటర్' అనే పేరు పెట్టాలంటే 90 శాతం పల్లీలు ఉండి తీరాలనే నిబంధన ఉంది. మనం కూడా ఆ 90ని కనీస గీతగా పెట్టుకోవచ్చు. నా మటుకు నేను 98 కంటే తక్కువ ఉంటే తిరిగి అరలో పెట్టేస్తాను.

జాబితాలో 'హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్' (గట్టిపడేలా మార్చిన నూనె) లేదా పామాయిల్ కనిపిస్తే అది నూనె పైకి తేలకుండా కలిపినది. దీన్ని విషంలా చూడాల్సిన పని లేదు. పూర్తిగా హైడ్రోజనేట్ చేసిన కొవ్వులో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ దాదాపు ఉండదు. పైగా 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లోను, వాటితో చేసిన పదార్థాల్లోను పారిశ్రామిక ట్రాన్స్ ఫ్యాట్‌కు 2 శాతం పరిమితి ఉంది. కానీ సంతృప్త కొవ్వు అనవసరంగా పెరుగుతుంది, పల్లీ రుచి తగ్గుతుంది. నూనె పైకి తేలడం లోపం కాదు, వేరే కొవ్వు కలపలేదనడానికి గుర్తు. ఆ నూనె ఒంపేయొద్దు. ఒంపేస్తే అడుగున మిగిలేది గట్టి పెడ్డలా తయారై చెంచా కూడా దిగదు. డబ్బాను ఒక రాత్రి తలకిందులుగా పెట్టి, పొద్దున అడుగు దాకా కలిపితే చాలు.

'నో యాడెడ్ షుగర్' అన్న మాటను కూడా ఆగి చదవాలి. కొన్నింటిలో చక్కెరకు బదులు మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు వేస్తారు. అవి ఎక్కువైతే కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతాయి. బెల్లం, తేనె వేసినవి చక్కెర వేసినదానికంటే ఆరోగ్యకరమన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఒంట్లోకి పోయాక రెండూ చక్కెర లెక్కలోకే వస్తాయి. బెల్లం రుచి ఇష్టమైతే రుచి కోసం తినండి, ఆరోగ్యం కోసం అనుకోవద్దు.

రుచిని ఏది నిర్ణయిస్తుంది

నట్ బటర్ నచ్చలేదని చెప్పేవాళ్లలో చాలామందికి నచ్చనిది ఆ గింజ కాదు, దాని వేపు. తక్కువ వేగిన పల్లీలో పసరు వాసన ఉంటుంది. ఎక్కువ వేగితే కమ్మదనంతో పాటు కొంచెం చేదు వస్తుంది. రెండింటి మధ్యలో, పొట్టు చేత్తో నలిపితే రాలిపోయి, పప్పు లేత గోధుమ రంగులోకి తిరిగినప్పుడు వచ్చే వాసన మనకు చిన్నప్పటి నుంచి అలవాటైనదే. ఇంట్లో పల్లి చట్నీకి వేయించే వేపు అదే. విదేశీ పద్ధతిలో చేసిన కొన్ని బటర్లు మన నాలుకకు చప్పగా అనిపించడానికి వేపు తేడాయే కారణం.

ఇక నున్నన, గరుకు. క్రీమీకి, క్రంచీకి పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంగిలికి అతుక్కునే జిగట కొందరికి అసలు పడదు. అలాంటివాళ్లకు క్రంచీ నయం. నమలడానికి ఏదో ఒకటి తగులుతుంది, నెమ్మదిగా తింటారు. పళ్లసెట్టు ఉన్న పెద్దవాళ్లకు మాత్రం క్రీమీయే తేవాలి, పలుకులు సెట్టు కింద ఇరుక్కుని ఇబ్బంది పెడతాయి.

ఉప్పు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. పావు కిలో పల్లీలకు పావు టీస్పూను ఉప్పు పడితే రుచి మొత్తం మారిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు లేనిదే కొనుక్కోవాలి. మిగతావాళ్లు చక్కెరతో రుచి తెచ్చిన డబ్బా కన్నా చిటికెడు ఉప్పుతో రుచి తెచ్చినదాన్ని ఎంచుకోవడం మంచిది.

ఇంకొక ప్రశ్న వేసుకోవాలి: దేనితో తింటారు? బ్రెడ్డు మన రోజువారీ తిండి కాదు. మన ఇళ్లలో ఉండేవి జొన్నరొట్టె, మక్కరొట్టె, చపాతీ, ఇడ్లీ, దోశ, అరటిపండు. నాకు తెలిసినంతలో డబ్బా ఖాళీ అయ్యే ఇళ్లలో ఆ బటర్ వీటిలో ఏదో ఒకదానికి తోడైంది. బ్రెడ్డు కొన్న రోజునే గుర్తొచ్చే బటర్ ఖాళీ కాదు.

ఒక చూపులో

కింది అంకెలు ఏమీ కలపని బటర్‌కు, వంద గ్రాములకు, సుమారుగా. చాక్లెట్ స్ప్రెడ్‌ను పోల్చి చూడటానికి చేర్చాను.

| రకం | కేలరీలు | ప్రోటీన్ (గ్రా.) | సంతృప్త కొవ్వు (గ్రా.) | పీచు (గ్రా.) | రుచి |
|---|---|---|---|---|---|
| పల్లి | 590 | 24 | 8 | 8 | కమ్మగా, ఘాటైన వాసన |
| బాదం | 615 | 21 | 4 | 10 | మెత్తని తీపి, కొంచెం గరుకు |
| కాజు | 590 | 18 | 10 | 2–3 | తియ్యగా, వెన్నలా |
| నువ్వులు | 595 | 17 | 7 | 9 | గాఢమైన వాసన, చిరుచేదు |
| అక్రోట్ | 655 | 15 | 6 | 7 | వగరు, చేదు |
| చాక్లెట్ హేజెల్‌నట్ స్ప్రెడ్ | 540 | 6 | 10 | 3–5 | తీపి |

ఈ పట్టికలో ముందుగా చూడాల్సింది కేలరీల గడి. అన్నీ దాదాపు ఒకే దగ్గర ఉన్నాయి. బరువు తగ్గాలని పల్లి నుంచి బాదానికి మారితే ఒరిగేదేమీ లేదు. ఒక టేబుల్‌స్పూను, అంటే 16 గ్రాములు, ఏ గింజ బటరైనా సుమారు 95 నుంచి 105 కేలరీలు. తేడా తెచ్చేది గింజ కాదు, చెంచాల లెక్క.

పల్లి బటర్

వరంగల్‌లో ఉండేవాళ్లకు మొదటి ఎంపిక ఇదే అని నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చితో పాటు పల్లికాయ కూడా వస్తుంది. బీట్ బజార్‌లో గాని, వీధి చివరి కిరాణం షాపులో గాని పల్లీలు దొరకని రోజు ఉండదు. సర్వపిండిలో పల్లీలు వేస్తాం, పులిహోరలో వేస్తాం, పొడి కొడతాం. కొత్తగా అలవాటు చేసుకోవాల్సిన రుచి కాదిది. ధరలో దీనికి పోటీ లేదు. కిలో బాదం పెట్టే డబ్బుతో నాలుగైదు కిలోల పల్లీలు వస్తాయి.

పోషకాల్లోనూ తీసిపోదు. నిజానికి పల్లి చెట్టున కాసే గింజ కాదు, కంది, పెసర లాంటి పప్పుజాతి పంట. అందుకే ఈ వరుసలో ప్రోటీన్ దీనిలోనే ఎక్కువ. కొవ్వులో ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే అసంతృప్త కొవ్వే. మామూలు పల్లీ నూనెలో ఆ జాతి కొవ్వైన ఓలిక్ ఆమ్లం 40 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, గుజరాత్‌లోని జునాగఢ్‌లో ఉన్న వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల్లో అది 80 శాతం దాకా పోతుంది. ఓలిక్ ఎక్కువున్న పల్లీతో చేసినవి త్వరగా ముక్క వాసన పట్టవు. లేబుల్ మీద 'హై ఓలిక్' అని కనిపిస్తే ఆ మాటకు విలువ ఉందని అర్థం.

'పల్లీలు తింటే పైత్యం' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. గుప్పెళ్లకు గుప్పెళ్లు తింటే అరగకపోవడం నిజమే, అది ఏ కొవ్వు తిండికైనా ఉన్నదే. ఒకటి రెండు చెంచాలకు, అన్నానికో రొట్టెకో తోడుగా తింటే ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు.

పల్లీలో అసలు జాగ్రత్త పడాల్సింది బూజు గురించి. తడి ఆరకుండా నిల్వ చేసిన పల్లీకి ఒక రకం బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. కాలేయానికి చాలా చెడ్డది. వేయించినా పూర్తిగా పోదు. అందుకని ఇంట్లో చేసుకునేవాళ్లు పల్లీలను వేయించే ముందు పళ్లెంలో పోసి ఏరాలి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, పచ్చటి బూజు మరకలు ఉన్నవి, కొరికితే చేదుగా ఉన్నవి పారేయాలి. చవకగా వస్తున్నాయని పాత సరుకు తీసుకోవద్దు. అమ్మకానికి చేసే పెద్ద కంపెనీలు గింజలను రంగును బట్టి యంత్రంతో ఏరి, పరీక్ష చేయిస్తాయి. ఎక్కడ చేశారో, ఎప్పుడు చేశారో రాయని విడి సరుకు కొనేటప్పుడు మాత్రం ఆలోచించండి.

బాదం బటర్

బాదం గొప్పతనం ప్రోటీన్‌లో కాదు, విటమిన్ ఇ లో, పీచులో, తక్కువ సంతృప్త కొవ్వులో ఉంది. ఒక టేబుల్‌స్పూను బాదం బటర్‌తో పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన విటమిన్ ఇ లో సుమారు పావు వంతు వస్తుంది. కాల్షియం కూడా పల్లీ కంటే చాలా ఎక్కువ. కొలెస్ట్రాల్ విషయంలో డాక్టర్ హెచ్చరించినవాళ్లకు, ఖర్చు భారం కాకపోతే, ఇది మంచి ఎంపిక.

రుచి దగ్గరికొస్తే అభిప్రాయాలు రెండుగా చీలుతాయి. పల్లీ ఘాటు అలవాటైన నాలుకకు బాదం బటర్ మొదట చప్పగా ఉంటుంది. అరటిపండు మీద, పాలలో, ఓట్స్‌లో వేసుకుంటే దాని సన్నని తీపి బయటపడుతుంది. జొన్నరొట్టెతో తింటే మాత్రం రొట్టె రుచి దీన్ని మింగేస్తుంది. కొనేటప్పుడు వేయించిన బాదంతో చేసినదా, పచ్చిదా చూసుకోండి. వేయించినదే ఎక్కువమందికి నచ్చుతుంది.

ఇంట్లో చేసేవాళ్లకు ఒక మాట. బాదం నానబెట్టి పొట్టు తీసి తినడం మనకు అలవాటు. అలా నానిన బాదంతో బటర్ కాదు. తడి ఉంటే నూనె విడవదు, మెత్తటి పచ్చడిలా మారి రెండు రోజుల్లో పులుస్తుంది. పొడి బాదమే వేయించి రుబ్బాలి, అదీ పల్లీకి పట్టే సమయానికి రెండింతలు ఓపికతో.

నువ్వుల ముద్ద

ఉత్తర తెలంగాణలో ఉంటూ నువ్వులను వదిలేసి హేజెల్‌నట్ కోసం వెతకడం నాకు బాధగా అనిపిస్తుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు వేసవిలో నువ్వులు వేస్తారు. జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధన స్థానం నుంచి శ్వేత తిల్ లాంటి తెల్ల నువ్వుల రకాలు వచ్చాయి. సంక్రాంతికి సకినాల్లో నువ్వులు లేకుండా పిండి కలపం. బతుకమ్మ ఎనిమిదో రోజు, వెన్నముద్దల నాడు, నువ్వులు, బెల్లం, వెన్న కలిపి నైవేద్యం పెడతాం. ఆ నైవేద్యం రుచి గుర్తున్నవాళ్లకు నువ్వుల ముద్ద ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పాల్సిన పని లేదు.

పొట్టుతో ఉన్న నువ్వుల్లో వంద గ్రాములకు 900 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. అయితే అందులో ఎక్కువ భాగం పొట్టులోనే ఉంది. పొట్టు తీస్తే 60 దాకా పడిపోతుంది. అలాగని పొట్టులో ఉన్నదంతా ఒంటికి పట్టదు, అందులోని ఆక్సలేట్లు అడ్డుపడతాయి. పొట్టే చేదుకు కూడా కారణం. అందుకని నా సలహా, సగం పొట్టున్నవి, సగం పొట్టు తీసినవి కలపండి. చేదు తగ్గుతుంది, కాల్షియం కొంత మిగులుతుంది. పూర్తిగా పొట్టు తీసిన నువ్వులతో చేసేదే బజార్లో తహినీ పేరుతో అమ్మే సీసా. అది నున్నగా, జారుగా ఉంటుంది, ధర ఎక్కువ.

నువ్వులు సన్నటి మంట మీద, చిటపటమని రెండు మూడు ఎగరగానే దింపేయాలి. ఒక్క నిమిషం ఎక్కువైతే మొత్తం చేదెక్కుతుంది. రుబ్బేటప్పుడు ఒకటి రెండు చెంచాల గానుగ నువ్వుల నూనె పోస్తే ముద్ద సాఫీగా తిరుగుతుంది. కొంచెం బెల్లం తురుముతో కలిపి వేడి మక్కరొట్టె మీద రాసుకుంటే పిల్లలు ఇంకొకటి అడుగుతారు. ఉత్తి చెంచాతో తినడానికి మాత్రం ఇది అందరికీ పడదు. పడనివాళ్లు రెండు పాళ్లు పల్లీ, ఒక పాలు నువ్వులు కలిపి రుబ్బి చూడండి. నేను చూసినంతలో ఏ ఇంట్లోనైనా ముందు ఖాళీ అయ్యేది ఈ మిశ్రమమే. పల్లీ కమ్మదనం నువ్వుల చేదును కప్పేస్తుంది, నువ్వుల వాసన పల్లీకి కొత్తదనం ఇస్తుంది.

మిగతావి క్లుప్తంగా

కాజు బటర్ రుచిలో అందరికీ నచ్చుతుంది. పీచు తక్కువ, పిండి పదార్థం ఎక్కువ, ధర ఎక్కువ. రోజూ తినడానికి కాదు, తక్కువ తినే పెద్దవాళ్లకు, నీరసంగా ఉన్నవాళ్లకు ఇష్టంగా లోపలికి పోవడానికి పనికొస్తుంది. అక్రోట్ బటర్‌లో మొక్కల ఒమేగా-3 బాగా ఉంటుంది, కానీ చేదు, త్వరగా పాడవుతుంది. దానికంటే రోజూ రెండు అక్రోట్లు నమిలి తినడమే తేలిక. నూనె పిండేసిన పల్లి పొడి కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. కేలరీలు తక్కువ, ప్రోటీన్ ఎక్కువ, మజ్జిగలో, స్మూతీలో కలపడానికి బాగుంటుంది. నీళ్లు కలిపి రొట్టెకు రాసుకుంటే బటర్ తిన్న తృప్తి ఉండదు.

చాక్లెట్ హేజెల్‌నట్ స్ప్రెడ్ గురించి ఒకే మాట. అది నట్ బటర్ కాదు, మిఠాయి. న్యుటెల్లా లాంటివాటిలో బరువులో సగానికి పైగా చక్కెరే. పిల్లలకు ఎప్పుడో ఒకసారి పెడితే తప్పు లేదు, టిఫిన్ డబ్బాలో రోజూ పెట్టే వస్తువు మాత్రం కాదు. చాక్లెట్ రుచే కావాలంటే పల్లి బటర్‌లో ఒక చెంచా తీపి కలపని కోకో పొడి, ఒక ఖర్జూరం మెత్తగా చేసి కలపండి.

ఎవరికి ఏది

జిమ్‌కు వెళ్లే కుర్రవాళ్లు పల్లి బటర్‌ను ప్రోటీన్ ఆహారంగా చూస్తారు. లెక్క వేసి చూడండి. రెండు టేబుల్‌స్పూన్లలో 7, 8 గ్రాముల ప్రోటీన్, 190 కేలరీలు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు, 70 కేలరీల చిల్లర. పల్లి బటర్ ప్రధానంగా కొవ్వు ఆహారం, ప్రోటీన్ దానికి తోడు. బరువు పెరగాలనుకునేవాళ్లకు దీనికి మించింది లేదు. బరువు తగ్గుతూ కండ పెంచాలనుకునేవాళ్లు ప్రోటీన్ కోసం గుడ్లు, పప్పు, పెరుగు, చికెన్ మీద ఆధారపడి, దీన్ని ఒక చెంచాకు ఆపాలి. 'హై ప్రోటీన్' డబ్బాల్లో చాలావాటికి విడిగా ప్రోటీన్ పొడి కలుపుతారు. అంకె పెరుగుతుంది, నోట్లో పిండి తగులుతుంది. ఆ డబ్బుకు విడిగా గుడ్లు కొనుక్కోవచ్చు.

హాస్టల్లో ఉండే నిట్, కాకతీయ యూనివర్సిటీ (కేయూ) విద్యార్థులకు ఫ్రిజ్ ఉండదు, డబ్బు లెక్కగా ఉంటుంది. మీకు ఉప్పు వేసిన క్రంచీ పల్లి బటర్, చిన్న డబ్బా. మెస్‌లో ఇచ్చే చపాతీకి, అరటిపండుకు సరిపోతుంది. కిలో డబ్బా చవకగా పడుతుందని తెచ్చుకుంటే ఏప్రిల్ ఎండకు సగం పాడవుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు చక్కెర, బెల్లం, తేనె లేని పల్లి లేదా బాదం బటర్ నిశ్చింతగా పనికొస్తుంది. ఇవి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచవు. రొట్టెతో పాటు తింటే ఆ రొట్టె కూడా నెమ్మదిగా అరుగుతుంది. భద్రకాళి బండ్ మీద పొద్దున నడిచొచ్చి, ఒక జొన్నరొట్టె మీద ఒక చెంచా రాసుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి టెన్షన్ ఉండదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఏ నట్ బటర్ అయినా డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. వీటన్నిటిలో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ.

చిన్నపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ఐదేళ్లలోపు పిల్లలకు గట్టి ముద్దను చెంచాతో నోట్లో పెట్టకూడదు, గొంతులో అడ్డుపడుతుంది. క్రంచీ అసలే వద్దు. ఆరు నెలలు నిండి మిగతా తిండి మొదలైన పాపకు నున్నటి పల్లి బటర్‌ను గోరువెచ్చని నీళ్లలో పలచగా కలిపి, జావలోనో ఉగ్గులోనో కొంచెం కొంచెంగా అలవాటు చేయొచ్చు. పల్లీ ఆలస్యంగా పెడితే మంచిదని ఒకప్పుడు అనేవారు. లండన్‌లో జరిగి, 2015లో ఫలితాలు వెలువడిన లీప్ అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసిపిల్లలకు మొదటి ఏడాదిలోనే పల్లీ మొదలుపెడితే, ఐదేళ్ల వయసుకు పల్లీ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. పాపకు తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉంటే ముందు పిల్లల డాక్టర్‌ను అడగాలి. ఏడాది లోపు పిల్లలకు తేనె కలిపినది పెట్టకూడదు. ఇంట్లో ఎవరికైనా పల్లీ, బాదం, నువ్వులు తిన్నాక దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చిన చరిత్ర ఉంటే ఈ ప్రయోగాలు సొంతంగా చేయొద్దు.

కొనాలా, ఇంట్లో రుబ్బుకోవాలా

బాదం, కాజు అయితే కొన్నా రుబ్బినా ఖర్చులో పెద్ద తేడా పడదు. పల్లి, నువ్వులు మాత్రం ఇంట్లోనే చేసుకోమంటాను. తాజా వేపు వాసన ఏ డబ్బాలోనూ రాదు, వేపు మీ ఇష్టం, ఉప్పు మీ ఇష్టం.

పావు కిలో ఏరిన పల్లీలను మందపాటి మూకుడులో సన్నటి మంట మీద కలుపుతూ వేయించండి. పొట్టు విడిపోగానే దింపి, బట్టలో నలిపి, చాటలో చెరగండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే మిక్సీ చిన్న జారులో వేయాలి, చల్లారితే నూనె ఆలస్యంగా వదులుతుంది. మొదట పొడి అవుతుంది, తర్వాత అంచులకు అతుక్కుని ముద్ద కడుతుంది. చాలామంది ఇక్కడే ఇక కాదనుకుని నూనె పోసేస్తారు. పోయక్కర్లేదు. అంచులు గీకి, అర నిమిషం తిప్పి, ఒక నిమిషం ఆపండి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే ముద్ద మెరుస్తూ జారుగా మారుతుంది. ఆపకుండా తిప్పితే మోటారు వేడెక్కి కాలే ప్రమాదం ఉంది. నీళ్లు ఒక్క చుక్క కూడా తగలకూడదు, జారు కూడా పూర్తిగా పొడిగా ఉండాలి. క్రంచీ కావాలంటే మొదట్లో పొడి దశలోనే ఒక గుప్పెడు బరక పలుకులు తీసిపెట్టుకుని చివర్లో కలపండి.

మన ఎండలకు నిల్వే అసలు పరీక్ష. మే నెలలో వరంగల్‌లో 43, 44 డిగ్రీలు మామూలే. గట్టు మీద పెట్టిన సీసాలో నూనె పాడై ముక్క వాసన వస్తుంది. చలికాలంలో బయట మూడు నాలుగు వారాలు ఆగేది, ఎండాకాలంలో ఫ్రిజ్‌లోనే పెట్టాలి. ఫ్రిజ్‌లో గట్టిపడితే తినడానికి పావుగంట ముందు బయటికి తీయండి. తడి చెంచా, పచ్చడి చెంచా పెట్టొద్దు. కొన్న డబ్బాకైనా మూత తీసిన తేదీ పెన్నుతో రాసుకోండి. రుచి చూస్తే గొంతులో గీరినట్టు, పాత నూనె వాసన తగిలితే పారేయండి.

ఇంకా ఎటూ తేలనివాళ్లు ముందు చిన్న డబ్బా, ఉప్పు మాత్రమే వేసిన పల్లి బటర్ కొనండి. రోజూ తినే రొట్టెతోనో ఇడ్లీతోనో ఒక వారం తినండి. వాసన ఎక్కువనిపిస్తే బాదం వైపు, చప్పగా అనిపిస్తే నువ్వులు కలిపిన మిశ్రమం వైపు మారండి. జిగట నచ్చకపోతే క్రంచీ. అప్పటికీ డబ్బాలో మిగిలితే ఆదివారం బగారా బైంగన్ మసాలాలో పల్లీలకు బదులు రెండు చెంచాలు వేయండి. ఆ గ్రేవీలో ఎలాగూ పల్లీలు, నువ్వులు రుబ్బి వేసేదే కాబట్టి తేడా తెలియదు, డబ్బా ఖాళీ అవుతుంది.